త్రిశంకు తారలు
ఖగోళశాస్త్రం గుర్తించిన 88 నక్షత్రమండలాలలో అన్నిటికన్నా చిన్నదైన దక్షిణ శిలువకు మన దేశంలో త్రిశంకు అని పేరు. విశ్వామిత్రుడు సశరీరంగా స్వర్గానికి పంపగా ఇంద్రుడు తోసివేయడంతో తలకిందులుగా నడుమ నిలిచిపోయిన రాజు ఇతడే. భూమి అక్షం బొంగరంలా మెల్లగా దిశ మార్చుకునే అయనచలనం వల్ల ఈ తారలు ఉత్తరార్ధగోళ వాసులకు శతాబ్దాల తరబడి దిగంతం కిందికి జారిపోతూ వచ్చాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ వీటిని సెంటారస్ అనే నరాశ్వపు కాళ్లలో చేర్చాడే తప్ప విడి మండలంగా లెక్కించలేదు. పోర్చుగీసు ఓడలో భారతదేశానికి వచ్చిన ఇటలీవాసి ఆండ్రియా కోర్సాలి శిలువ ఆకారాన్ని గీసి పంపిన లేఖ 1516లో ఫ్లోరెన్సులో అచ్చయింది.

శిలువలో మామూలు కంటికి ఒక్కటిగా తోచే ఆల్ఫా తార నిజానికి జంట అని 1685లో గుడ్‌హోప్ అగ్రం వద్ద ఆగిన ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్లు దుర్భిణితో కనుగొన్నారు. పొరుగునున్న ఆల్ఫా సెంటారీ కూడా జంటేనని 1689లో ఫాదర్ రిషో పుదుచ్చేరి నుంచే గమనించాడు. దక్షిణ భారత ఖగోళ చరిత్రలో ఇది దక్కవలసినంత గుర్తింపు దక్కని ఘట్టం.

శిలువను ఆనుకొని కనిపించే నల్లని మచ్చ శూన్యం కాదు, పాలపుంత వెలుగును అడ్డగించే ధూళిమేఘం; ఆస్ట్రేలియా ఆదివాసులలో పలువురు దానిని ఈము పక్షి తలగా భావించారు. విజయవాడలో మే నెల మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఆల్ఫా తార దక్షిణ దిగంతానికి సుమారు 10 డిగ్రీల ఎత్తున, అంటే చాచిన చేతి పిడికిలి వెడల్పున మాత్రమే నిలుస్తుంది. దానికి పైన ఎర్రగా కనిపించేది గామా తార.