పాత కుర్చీకి క్రొత్త గుడ్డ

మా యింట మా తండ్రిగారి చేతుల కుర్చీ యొకటి యున్నది. టేకు కొయ్యది. కూర్చుండు చోట పేము బద్దల అల్లిక. పోయిన వేసవిలో ఆ యల్లిక నడుమ తెగి, కూర్చున్నవాడు క్రిందికి దిగబడిపోవు స్థితికి వచ్చినది. పూర్వము ఏటేట మా గ్రామమునకు వచ్చి కుర్చీలు అల్లిపోవుచుండిన మేదరి యిప్పుడు వచ్చుట లేదు. పట్టణమున విచారింపగా, క్రొత్త అల్లికకు వారు చెప్పిన వెలకు ప్లాస్టిక్కు కుర్చీలు నాలుగు వచ్చునని మా అబ్బాయి లెక్క కట్టి చూపినాడు. "నాన్నగారూ, దీనిని పొయ్యిలో పెట్టినను మనకు నష్టము లేదండీ" అని కూడ అన్నాడు. లెక్క తప్పు కాదు. కాని మా తండ్రిగారు ఆ కుర్చీలో కూర్చుండియే నాకు అమరము వల్లె వేయించిరి. దానిని పొయ్యిలో పెట్టుటకు నాకు చేయి రాలేదు. నేనే బాగుచేయ పూనుకొంటిని. ఆ పని సాగిన పది దినములును కూర్చుండు సాధనముల చరిత్ర నా మనస్సున తిరుగుచుండెను. దానినే మీకు మనవి చేయుచున్నాను.

కుర్చీ తెల్లవారు తెచ్చినది, మనకు పీటయు చాపయు తప్ప మరేమియు లేవు అని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. అథర్వవేదము 15వ కాండలో వ్రాత్యుని వృత్తాంతము కలదు. ఏడాది పొడుగున నిలిచియే యున్న వ్రాత్యుడు తనకు ఆసంది తెమ్మని దేవతల నడుగగా వారు సమకూర్చిరి. ఆసంది యనగా అల్లిన ఆసనము. వసంత గ్రీష్మములు దాని రెండు కోళ్లు. వర్షా శరత్తులు తక్కిన రెండు. ఋక్కులు నిలువు త్రాళ్లు, యజుస్సులు అడ్డత్రాళ్లు. పైని పరచిన మెత్త వేదము. ఆనుకొను దిండు బ్రహ్మము. ఉపమానము మాట యటుండనిండు. కోళ్లు, పట్టెలు, నిలువు అల్లిక, అడ్డ అల్లిక, మెత్త, దిండు: ఇన్నియు విడివిడిగ ఎరిగినవాడే ఆ మాట చెప్పగలడు. నేడు పరుపు కుర్చీ చేయువాడు ఇంతకు మించి చేర్చునది స్వల్పము.

పాణిని కాలమునకు మంచము నెక్కుటలో మర్యాద కూడ ఏర్పడియుండెను. ఖట్వారూఢుడు అను సమాసము నిందార్థమున వచ్చునని ఆయన ప్రత్యేకముగ సూత్రించెను. చదువు ముగించి, గురువు అనుజ్ఞ పొందిన తరువాతనే శిష్యుడు మంచ మెక్కవలెననియు, అంతకు ముందే యెక్కినవాడు దారి తప్పినవాడనియు వ్యాఖ్యాతలు వివరించిరి. నేను ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పితిని. గుర్తింపదగిన ఖట్వారూఢులు నాకు కొందరు తటస్థపడిరి. వారి పేర్లు చెప్పను.

మన నులక మంచమును ఒక విదేశీయుడు మెచ్చుకొన్న సంగతి యిచట చెప్పదగును. 14వ శతాబ్దమున మొరాకో దేశమునుండి వచ్చిన ఇబ్న్ బతూతా తన యాత్రా గ్రంథమున ఈ మంచమును వర్ణించెను. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, వాని నడుమ నూలుతోనో పట్టుతోనో అల్లిన పేటలు. అది తనంతట తానే సాగి లొంగును గనుక మెత్తదనమునకై మరేదియు పరువనక్కర లేదని ఆయన గమనించెను. ప్రయాణమున ఒక్క మనిషి దానిని తలపై పెట్టుకొని పోవుననియు వ్రాసెను. ఇనుప చుట్టల స్ప్రింగు మెత్తలు ఐరోపాలో పుట్టుటకు ఇంకను అయిదు వందల యేండ్లు కావలసియుండెను. మన యిండ్లలో నులక సడలినప్పుడు పాదముల దెస త్రాటిని బిగించుకొనుట ఏ పిల్లవానికైనను తెలిసిన పనియే. బిగింపక విడిచిన యింటిలో కుక్కి మంచము మిగులును. బాగుచేయుట అను పనిని వస్తువులోనే అమర్చియుంచిన ఉపాయ మది.

మెత్తల సంగతికి వత్తము. లోపల నున్నది కంటికి కనబడదు గనుక ఈ వృత్తిలో మోసము పురాతనమైనది. లండను నగరమున పరుపుల పనివారికి 14వ శతాబ్దమునాటికే ఒక సంఘ ముండెను. ఆ సంఘమువారు 1474లో నగర మేయరుకు మనవి చేసికొనిరి. ఈకలని చెప్పి మొక్కల నూగును దిండ్లలో కూరి అమ్ముచున్నారనియు, వెండ్రుకలు కూరిన పరుపులు మనుష్యుని ఒంటి వేడికి కంపు కొట్టుచున్నవనియు వారి ఫిర్యాదు. అది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. కొన్నియేండ్ల క్రిందట ఒక పట్టణపు దుకాణమున నేనొక పరుపు కుట్టించితిని. ఏడాది తిరుగకముందే అది గడ్డలు కట్టినది. విప్పి చూడగా పైని బెత్తెడు మందము మంచి దూది; దాని క్రింద అంతయు రంగు రంగుల గుడ్డ పేలికలు. మా చిన్నతనమున దూదేకుల సాయిబు మన వాకిటనే కూర్చుండి, మన చెట్టు బూరుగు దూదినే, మన కన్నుల యెదుట ఏకి కూరి కుట్టి యిచ్చుచుండెను. ఆ వింటి నారి మ్రోత వీధి చివరకు వినబడుచుండెను. మోసమునకు అచట చోటెక్కడిది?

ఇప్పుడు బెత్తపు కుర్చీ కథ. 17వ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీ ఓడలు ప్రాగ్దేశములనుండి బెత్తమును లండనుకు చేర్చెను. దానిని సన్నని బద్దలుగ చీల్చి కుర్చీలకు అల్లుట అచట నేర్చికొనిరి. 1666లో లండను తగులబడిన పిమ్మట జనులకు సామానులు త్వరగా, చౌకగా కావలసివచ్చెను. బెత్తపు కుర్చీ ఆ లోటును తీర్చెను. 1680ల నాటికి ఉన్ని గుడ్డల వర్తకులును, మెత్తల పనివారును దీనిని నిషేధింపుడని పార్లమెంటునకు మొరపెట్టుకొనిరి. కుర్చీల వారు ఊరకుండిరా? మా కుర్చీ తేలిక, మన్నిక, ధూళి పట్టదు, చిమ్మట పురుగు చేరదు అని ఎదురు వాదించిరి. నిషేధము రాలేదు. పిమ్మట ఆ బెత్తపు కుర్చీయే ఓడ యెక్కి మన కచేరీలకును, బడులకును వచ్చెను. మా తండ్రిగారి కుర్చీ ఆ వంశములోనిది.

నిషేధము వచ్చినది వేరొక వస్తువునకు, అది మనది. బందరు అద్దకము సంగతి మీకు తెలియనిది కాదు. కరక్కాయ కషాయమున గుడ్డను నానబెట్టి, ఇనుము బెల్లము పులియబెట్టిన నీటితో నల్లని గీత గీసి, పటిక పూసిన చోట చిరివేరుతో ఎఱుపు రప్పించి, నీలిమందున ముంచి చేయు పని అది. ఇంగ్లీషు కంపెనీవారు బందరున 1611లో గిడ్డంగి పెట్టిరి. వారు మొదట ఈ గుడ్డను కొన్నది మిరియాల దీవులలో మార్చుకొనుటకే. కాని క్రమముగ అది లండను చేరెను. 1663లో శామ్యుల్ పీప్స్ అను ఉద్యోగి, భార్య గదికి గోడలపై కట్టుటకై హిందూదేశపు చిత్రపు గుడ్డను కొన్నట్లు తన దినచర్యలో వ్రాసికొనెను.

అచటి గృహిణులు దీనిని ఏల అంతగా కోరిరో ఆలోచింపుడు. ఉన్నియు పట్టును కప్పిన కుర్చీ ఒకసారి మాసినచో మాసినట్లే. ఉతుకుటకు వీలు లేదు. మన గుడ్డ ఉతికినకొలది రంగు తేలును. వెల తక్కువ. పాత కుర్చీపై మూడు గజముల గుడ్డ కప్పినచో కుర్చీ క్రొత్తదగును. మారాజుల యిండ్లలోని పూలును లతలును సామాన్యుని యింటికి వచ్చినవి. 1708లో డేనియల్ డిఫో ఈ విషయమునే వాపోవుచు వ్రాసెను: ఈ గుడ్డ మొదట ఒంటిపైకి వచ్చి, పిమ్మట ఇంటిలో దూరి, పడక గదులకు, తెరలకు, మెత్తలకు, కుర్చీలకు, చివరకు మంచములకు ప్రాకినదని.

అప్పటికే 1700లో ఒక చట్టము చేసి తూర్పుదేశపు అద్దకపు గుడ్డల వాడుకను ఆపజూచిరి. తెల్లగుడ్డ దిగుమతి చేసి అచటనే రంగు లద్దిరి గనుక ఆ చట్టము చాలలేదు. 1719లో స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాండ్రు వీధులకెక్కిరి. అద్దకపు గౌను తొడిగిన ఆడువారిని పట్టుకొని గుడ్డలు చింపిరి, వారిపై ఆమ్లము చల్లిరి. అది దుర్మార్గమే, సందేహము లేదు. కాని వారి మగ్గములు ఆగిపోయి, పిల్లలు పస్తులున్న మాటయు నిజమే. చౌకగా ఇల్లు అలంకరించుకొను ఇల్లాలిది తప్పని చెప్పగలమా? కూడు పోయిన నేతగానిది కోపము కాదని చెప్పగలమా? ఇరువురి నడుమను నిలిచి తీర్పు చెప్పుట నాకు నేటికిని సాధ్యము కాలేదు. పార్లమెంటు మాత్రము తీర్పు చెప్పెను. 1722 డిసెంబరు 25 మొదలు అద్దకపు నూలుగుడ్డను ధరించుటయే కాక, గృహోపకరణములకు కప్పుటయు నేరమయ్యెను. మంచము, కుర్చీ, మెత్త, తెర, అన్నియు అందు చేరినవి. ఫ్రాన్సు అంతకు ముందే, 1686లో నిషేధించి, 1759 వరకును నడిపెను. తమ యింట తమ కుర్చీకి తాము గుడ్డ కప్పుకొనుట దండనార్హమైన కాలము ఒకటి యుండెనని నేటి వారికి చెప్పిన నమ్ముదురా?

ఇంగ్లీషు చట్టము 1774లో సడలినది. అయితే తమ దేశపు నూలు పరిశ్రమవారి మేలు కొరకే సడలినది. మన గుడ్డను అచట వాడుకొనుటపై నిషేధము పోలేదు. దానికి డేవిడ్ గారిక్ కథ సాక్ష్యము. ఆయన ఆనాటి మహానటుడు. కలకత్తాలోని ఆంగ్లేయుల నాటకశాలకు ఆయన చేసిన సాయమునకు ప్రతిగా అచటి పెద్దలు కోరమండల తీరపు చిత్రవస్త్రములను ఆయన భార్యకు కానుకగా పంపిరి. ఆమె దానికి సరిపడు కుర్చీలు, గోడ కాగితము సిద్ధపరచుకొని కూర్చున్నది. సుంకపువారు ఆ గుడ్డను పట్టుకొనిపోయిరి. 1775లో గారిక్ ఉద్యోగులకు వేడుకోలు లేఖ వ్రాయవలసివచ్చెను. తుదకు ఆ గుడ్డ వారి పడకకు చేరినది. ఆ మంచము నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నున్నది. వడ్రంగము చిప్పెండేలు వారి కర్మాగారముది, గుడ్డ మన తీరముది. మంచము చేయించినవాని పేరు, చేసినవాని పేరు, దాని కథయు లోకమునకు తెలియును. చిరివేరు దంచి ఆ గుడ్డకు రంగు వేసినవాని పేరు ఎచటను లేదు.

ఆ మీది శతాబ్దమున కుర్చీ కడుపులోని సరకు మారినది. వియన్నాలో 1822లో గెయార్గ్ యూనిగ్ల్ అనువాడు ఇనుప చుట్టల మెత్తకు పేటెంటు పొందెను. పైని మఖ్మలు మెరసినను, లోపల బిగించిన గోనెపట్ట వంగదేశపు జనుము. కూరిన పీచు మన తీరపు కొబ్బరిది. 1859లో జేమ్స్ డారా అలప్పుజలో పీచు కర్మాగారము పెట్టిన తరువాత ఆ వర్తకము పెరిగినది. 1929లో డన్లప్ వారు రబ్బరు నురుగుతో మెత్త చేసిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప రసాయనపు స్పాంజి వచ్చి తక్కినవానిని మూల కూర్చుండబెట్టెను. ఆ యుద్ధకాలముననే, 1942లో, బ్రిటనులో కొయ్య కొరతచే ప్రభుత్వము కుర్చీ బల్లల నమూనాలను తానే నిర్ణయించి, క్రొత్త దంపతులకును, బాంబులకు ఇండ్లు కోల్పోయినవారికిని మాత్రమే లెక్క ప్రకారము ఇచ్చెను. తక్కినవారు ఉన్నదానిని బాగుచేసికొనిరి. ఆ పద్ధతి 1952 వరకు నడచినది.

ఇక నా కుర్చీ. పేము బద్దలను నీట నానబెట్టి ఆరు వరుసలుగ అల్లి ఎనిమిది మూలల కన్నులు తెప్పించుటకు నా కన్నులు చాలవు. (మీ యింట బెత్తపు కుర్చీ తెగక, వట్టి జారుడు మాత్రమే పడియున్నచో, అడుగు వైపునుండి వేడినీటితో బాగుగ తడిపి రాత్రి ఆరనిండు. ఎండిన బద్ద బిగియును, ఖర్చు లేదు.) నేను పాత అల్లికను కోసివైచి, నవారు తీసికొంటిని. పట్టెకు ఒక చివర చిన్న మేకులతో కొట్టి, రెండవ చివరను మా అబ్బాయి బలముగ లాగి పట్టగా కొట్టితిని. నిలువు పేటలు అయిదు, అడ్డపేటలు అయిదు, ఒకటి పైకి ఒకటి క్రిందికి. దానిపై గోనెపట్ట. గోనెపై చిక్కు విడదీసిన కొబ్బరి పీచు, నడుమ ఎక్కువగను అంచుల తక్కువగను. పీచు గుచ్చుకొనకుండ పైని పలుచగ బూరుగు దూది, దానిపై పాత పంచె ముక్క. తుదకు పెడన అద్దకపు గుడ్డ గజమున్నర. గుడ్డ కొట్టునప్పుడు ముందు నాలుగు ప్రక్కల నడిమి భాగములను తాత్కాలికముగ మేకులతో నిలిపి, అటనుండి మూలలకు పోవలెను. నేను మొదట మూలనుండి ఆరంభించి, లత అంతయు వంకర పోగా విప్పి మరల కొట్టితిని. పొయ్యిలో పెట్టుమన్న అబ్బాయియే రెండవసారి మేకులు అందించినాడు. ఖర్చంతయు కలిపి రెండు ప్లాస్టిక్కు కుర్చీల వెల కాలేదు.

ఎడమ వైపు వెనుక మూలను నవారు నేను ఒంటరిగ లాగి కొట్టిన పేట ఒకటి కలదు. అది యప్పుడే కొంచెము సడలినది. వానలు వెలిసిన పిమ్మట దానిని విప్పి మరల బిగింతును.