ఆయి మండపం

కోసపాళయం పుదుచ్చేరి పట్టణంలోని ఒక పేట. అక్కడి గృహిణికి కొళాయి తిప్పి బిందె నింపుకొనుట నేడు నిమిషాల పని. ఇంత సులభంగా లభించే వస్తువు విలువను మరచిపోవుట మానవ స్వభావం. కాని ఆ పట్టణం తన నీటి ఋణాన్ని రాతిలో నిలిపి ఉంచుకొన్నది. భారతి ఉద్యానవనం నడుమ తెల్లగా నిలిచిన ఆయి మండపం అందుకు గుర్తు.

ఆయి ఒక వేశ్య. విజయనగర ప్రభువైన కృష్ణదేవరాయలు (1509-1529) ఒక సాయంకాలం ఆ ప్రాంతంలో పయనిస్తూ, దీపకాంతులతో వెలిగే ఆమె భవనాన్ని దేవాలయమని భ్రమించి నమస్కరించాడట. నిజం తెలిసి, సిగ్గుతోను కోపంతోను దానిని పడగొట్టుమని ఆజ్ఞాపించాడట. ఆ పని తన చేతులమీదుగానే జరుగనిమ్మని ఆయి వేడుకొని, భవనాన్ని తొలగించి, ఆ చోట ప్రజలకొరకు చెరువు త్రవ్వించినదని చెప్పుకొంటారు.

ఇది జనశ్రుతి. తరువాతి కథ మాత్రం చరిత్ర. మూడవ నెపోలియన్ చక్రవర్తిగా ఉన్న కాలంలో (1852-1870) లామెరెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు, పట్టణానికి పడమట ఉన్న ముత్తరైయర్‌పాళయం నుండి మంచినీటిని పట్టణంలోనికి తెచ్చాడు. దానికి స్మారకంగా గ్రీకు, రోమను శిల్పరీతిలో మండపం వెలసినది. నీటిని తెచ్చినవాడు ఇంజనీరు; తెప్పించినది చక్రవర్తి ప్రభుత్వం. అయినను మండపానికి నిలిచిన పేరు ఆ వేశ్యదే.

శుభ్రమైన నీరు ప్రాణరక్షణమని లోకం తెలుసుకొంటున్న కాలమది. 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు, బ్రాడ్ వీధిలోని చేతిపంపు నీరే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు చూపగా, ఆ పంపు పిడిని తీసివేశారు.

నేడు పుదుచ్చేరి దాహం తీర్చేది ప్రధానంగా భూగర్భజలం. పట్టణానికి తూర్పున సముద్రం. మంచినీటిని మితిమీరి తోడితే, ఖాళీ అయిన పొరలలోనికి ఉప్పునీరు చొచ్చుకొని వస్తుంది. తీరప్రాంతాన ఆ కీడు ఇప్పటికే కనిపిస్తున్నది. ఒకసారి ఉప్పెక్కిన బావిని తిరిగి తీపి చేయుట ఏ ప్రభువు ఆజ్ఞకును సులభం కాదు.

ఆయి మండపమే నేడు పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నం. ప్రభువు ఆగ్రహించిన స్త్రీ స్మృతి ప్రభుత్వ పత్రాలపై ముద్రగా నిలిచినది. తన ఇంటిని విడిచి ఊరికి నీరిచ్చినదని ప్రజలు నమ్మినందువల్లనే ఆమెకు ఈ గౌరవం దక్కినది. కోసపాళయంలో బిందె నిండిన వెంటనే కొళాయిని కట్టివేసే చేయి కూడ, తనకు తెలియకనే, ఆ ఋణంలో కొంత తీర్చుచున్నది.