వృషభావతి పుట్టినిల్లు

గోదావరికి గౌతముని గోవు కథ కలదు. కావేరికి అగస్త్యుని కమండలువు కథ కలదు. మన బెంగుళూరునకును ఒక నది కలదనియు, దానికిని అట్టి పుట్టుకకథ కలదనియు మన పిల్లలలో పెక్కురు ఎరుగరు. ఆ నది పేరు వృషభావతి. బసవనగుడిలోని దొడ్డ బసవన్న ఆలయమే దాని పుట్టినిల్లని పెద్దలు చెప్పుదురు.

ఆలయమున కొలువైన నంది ఏకశిలా విగ్రహము. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు సుమారు 20 అడుగులు. విజయనగర రాయలకు లోబడి యలహంక నాడు నేలిన కెంపేగౌడ ప్రభువు 1537లో బెంగుళూరు కోటను కట్టించెననియు, ఈ గుడియు ఆయన కట్టించినదే యనియు ప్రతీతి. ఆ ప్రభువు 'గంగాగౌరీవిలాసము' అను యక్షగానమును తెలుగున రచించెనని చెప్పుట మన తెలుగువారికి సంతోషకరమైన విషయము. శివుని శిరస్సుపై నున్న నదీమతల్లి పేరు తన కృతికి పెట్టిన ప్రభువు, శివుని వాహనమునకు నదీమూలమున గుడి కట్టించె ననుట ఎంతయు ఉచితముగా నున్నది.

ఇక కథ. పూర్వము సుంకేనహళ్లి, మావళ్లి, గుట్టహళ్లి, దాసరహళ్లి గ్రామముల రైతులు ఈ ప్రాంతమున వేరుశనగ పండించుచుండిరి. రాత్రివేళ ఒక వృషభము వచ్చి పైరు మేసిపోవుచుండెను. కాపు కాచిన రైతు ఒకడు కోపము పట్టలేక దుడ్డుకర్రతో మోదగా, అది ఉన్నచోటనే శిలయైనది. రైతులు భయపడి గుడి కట్టిరి. శిల నానాటికి పెరుగజొచ్చెను. శివుని ప్రార్థింపగా, శిరస్సుపై త్రిశూలము నిలుపుడని ఆనతి యైనది. అట్లు చేయగా పెరుగుదల ఆగెను. నాటి నుండి తొలిపంట బసవన్నకు సమర్పించుట ఆచారమైనది. ఆయన పాదముల కడ ఊరిన నీరే వృషభావతి.

ఈ ఆచారమే కార్తికమాసపు కడపటి సోమవారమున జరుగు 'కడలెకాయి పరిషె'. మన రాయలసీమలోను తిరునాళ్లను 'పరస' అనుట కలదు. నేటికిని కోలారు, చిక్కబళ్లాపురము, తుమకూరు సీమలనుండియు, ఆంధ్ర తమిళ దేశములనుండియు రైతులు, వర్తకులు శనగకాయలు తెచ్చి గుడివీథిలో రాసులు పోయుదురు.

మేము చిరకాలము లెక్కల పుస్తకముల నడుమ గడపినవారము. ఏ మాట విన్నను తేదీ వెదకుట మాకు అలవాటు. వేరుశనగ దక్షిణ అమెరికాలో పుట్టిన పైరు. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన పిమ్మటనే అది మన దేశమునకు వచ్చినదని పండితుల అభిప్రాయము. దేశమున విరివిగా సాగైనది 19వ శతాబ్దమునందే. కావున కథలోనికి ఈ పైరు తరువాత వచ్చి చేరియుండవచ్చును. తొలుత అది రాగిచేను కథయో, అనుపచేను కథయో కావచ్చును. పైరు మారినను కథాసారము మారలేదు. బసవన్న మేసినది పిడికెడు పైరు, ఇచ్చినది ఏరు. ఆ జమాఖర్చు తెలియక కొట్టిన రైతు, తెలిసిన పిదప తొలిపాలు చెల్లించినాడు.

మల్లేశ్వరమున, కాడుమల్లేశ్వరస్వామి గుడికి ఎదురుగా నున్న నందితీర్థమును కూడ వృషభావతికి మూలమని చెప్పుదురు. మన్నున పూడిపోయిన ఆ తీర్థము 1997లో బయల్పడినది. అచ్చట నంది నోటినుండి నీరు లింగముపై పడుచుండును. పలు ఊటలు కలిసి ఏరగును గనుక ఈ రెండు కథలకును విరోధము లేదు. దిగువన మైసూరు రోడ్డులో, పశ్చిమవాహిని వచ్చి వృషభావతిలో కలియు తావున గాలి ఆంజనేయస్వామి వెలసినాడు. వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిరని ప్రతీతి. 1425లో అని కొందరందురు గాని, ఆ యతీశ్వరులు పరమపదించినది 1539లో కావున ప్రతిష్ఠ తరువాతిదై యుండవలెను.

వృషభావతి బైరమంగల చెరువు మీదుగా పోయి అర్కావతిలో కలియును. అర్కావతి సంగమ క్షేత్రమున కావేరిని చేరును. 1974 నుండి ఈ నగరము సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి కావేరీజలమును యంత్రములతో ఎత్తి తెచ్చుకొని త్రాగుచున్నది. ఆ నీటిని వాడి, మలినపరచి, అందు చాల భాగమును వృషభావతి ద్వారముననే మరల కావేరికి పంపుచున్నది. బైరమంగలమున నురుగు తేలు నీటితో దిగువ రైతులు పొలము తడుపుకొనవలసి వచ్చినది. పెద్దవానలకు ఆ మురుగు గాలి ఆంజనేయుని గుడిలోనికే చొచ్చిన సందర్భములు కలవు. నాటి రైతు తొలిపంట చెల్లించెను. మనము చెల్లించుచున్న దేమి?

మనలో అనేకుల తాతలు తండ్రులు ఉద్యోగములకో, వ్యాపారములకో ఈ ఊరు వచ్చి, ఈ నీరు త్రాగి స్థిరపడినవారు. గోదావరి, కృష్ణ, పెన్న మనవి యనుకొన్నట్లే వృషభావతియు మనదే. వచ్చు కార్తికమున పిల్లలను పరిషెకు తీసికొనిపోయినపుడు, శనగకాయలు కొనియిచ్చుటతో సరిపుచ్చక, బసవన్న పాదములు చూపి ఈ నది కథ చెప్పవలెను. పిదప మైసూరు రోడ్డు వంతెనమీద నిలిపి, ఆ కథలోని నది ఇదేయని చూపవలెను. కథ తెలిసిన పిల్లలు దానిని మురుగుకాలువ యని పిలుచుటకు ఒప్పుకొనరు. దాని శుద్ధికి పూనుకొనువారు వారిలోనుండియే రావలెను.