మొక్కుకున్న పేదరికం

మా తాత పదేళ్ల వయసులోనే పటేలు దగ్గర జీతానికి కుదిరిండు. అప్పు ఎంతో, తీరిందెంతో చివరిదాకా తెల్వదు. "కాయితం వాళ్లకాడ, ఏలిముద్ర నాది" అనేటోడు. 1976లో వెట్టిని రద్దు చేస్తూ చట్టమొచ్చిందని ఆయనకు చెప్పినోళ్లు లేరు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. పేదరికాన్ని కోరి తెచ్చుకున్న సాధువులని ఎవరన్నా పొగిడితే నాకు ఒళ్లు మండుద్ది.

ఆ మంటతోనే ఇనీ కొపురియా కథ చదివాను.

పసిఫిక్‌లోని సోలమన్ దీవులు 1893 నుంచి బ్రిటిష్ ఏలుబడిలో ఉండేవి. ఆ దీవుల మనుషుల్ని ఓడలెక్కించి క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకూ ఫిజీకీ పట్టుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కిన మన తెలుగు కూలీలు దిగిందీ ఆ ఫిజీలోనే.

కొపురియాది గ్వాడల్‌కెనాల్ దీవి. మిషన్ బడిలో చదివి దొరల పోలీసులో చేరాడు. కాలికి దెబ్బ తగిలి మంచాన పడ్డప్పుడు ఆలోచన మారింది. పోలీసుగా తిరిగిన ఊళ్లకే ఉత్త చేతులతో పోవాలనుకున్నాడు. 1925 అక్టోబరు 28న బిషప్ జాన్ స్టీవార్డ్ ముందు ప్రమాణం చేసి, తబాలియాలోని తన భూమిని దేవుడి పనికిచ్చేశాడు. అదే మెలనీసియన్ బ్రదర్‌హుడ్. జీతం లేదు, పెళ్లి లేదు, పెద్దల మాట దాటడం లేదు. దీవుల పిల్లలే ఇద్దరిద్దరుగా, చెప్పుల్లేకుండా ఊరూరా నడిచారు.

కానీ ఆ ప్రమాణానికి గడువుంది. తీరాక మళ్లీ చేయొచ్చు, ఇంటికీ పోవచ్చు. కొపురియా కూడా 1940లో విడుదల పొంది పెళ్లి చేసుకున్నాడు. 1945లో చనిపోయాడు. మా తాత జీతానికి గడువు లేదు. కొపురియాకు ఇచ్చేయడానికి భూమన్నా ఉంది, మాకేముంది?

అలాగని వాళ్లను తీసిపారేయలేను. 1998 నుంచి ఆ దీవుల్లో జాతుల కొట్లాటలు రేగితే, 2000లో బ్రదర్లు ఆయుధం లేకుండా రెండు పక్షాల నడుమ నిలబడ్డారు. 2003లో నథానియెల్ సాడో అనే బ్రదర్ హెరాల్డ్ కేకే ముఠా దగ్గరికి పోయి తిరిగి రాలేదు. అతన్ని వెతకడానికి ఆరుగురు పోయారు. ఏడుగురినీ చంపేశారు. ఆ ఆరుగురికి వెనక్కి తిరిగే దారుంది. అయినా తోటివాడి కోసం ముందుకే పోయారు. వాళ్లకు తల వంచుతాను.

త్యాగం మీద పాఠమొచ్చినప్పుడు మా పిల్లల్ని రెండే అడుగుతాను: వదులుకోవడానికి అతని దగ్గర ఏముంది? వద్దనుకుంటే బయటపడే దారుందా? రెండూ లేనిచోట దాన్ని త్యాగమనొద్దు, వెట్టి అని రాయండంటాను.