కట్టబొమ్మన, ఎట్టప్ప: ప్రేక్షకుల తీర్పు

కథలోని మనుష్యులను గూర్చి వాదులాడుకొనుట మన తెలుగువారికి తరతరములుగా వచ్చుచున్న అలవాటు. రావణుడు మహాపండితుడా, పరమపాపియా? కర్ణుడు దాతలలో మేటియా, దుష్టచతుష్టయములో నొకడా? రాత్రి తెల్లవార్లు నాటకము చూచి వచ్చిన పెద్దలు మరునాడు రచ్చబండమీద ఈ తగవులనే తీర్చుచుండెడివారు. విభీషణుని పరమభక్తులలో చేర్చి కొలిచిన జాతియే "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెతను గూడ పుట్టించినది. గురజాడవారి గిరీశము మోసగాడని యెఱిగియు, అతడు రంగమునకు వచ్చినంతనే మన ముఖములు వికసించును. 1977లో నందమూరి తారకరామారావుగారు 'దానవీరశూరకర్ణ' చిత్రమున దుర్యోధనునకు రాచఠీవి కల్పించినప్పుడు తెలుగు ప్రేక్షకులు ఆ పాత్రకు జేజేలు పలికిరి.

1975లో మద్రాసునకు టెలివిజను వచ్చినది. నేడు కోవిల్‌పట్టిలోను, విరుదునగరములోను అది లేని యిల్లు అరుదు. రాత్రి భోజనములైన పిమ్మట నేరకథల ధారావాహికలు నడచుచుండును. అందు హంతకుడే నాయకుడు. లంచగొండి పోలీసు అధికారి తన బిడ్డలయెడ వెన్నవంటి తండ్రి. "పాపము, వాడేమి చేయును?" అని మనుమడనును. "చేసినది హత్య గాదా?" అని తాతగారు అందుకొందురు. ఇట్టి వాదములను విని కాలము చెడినదని నిట్టూర్చువారు కలరు. మేమట్లు తలపము. పరుల తప్పును తూచిచూచుట నేర్చినవానికి తన తప్పును తూచుకొను శక్తియు కొంత అలవడును. అదియుగాక, కల్పితపాత్రను ఎంత నిందించినను ఎవరికిని నష్టము లేదు.

నిజముగా జీవించిన మనుష్యులను పాత్రలుగా నిలిపి, మూడు గంటల ప్రదర్శనముతో తీర్పు చెప్పునప్పుడు మాత్రము జాగ్రత్త అవసరము. అందులకు తగిన ఉదాహరణము మన వాకిటనే యున్నది.

విరుదునగరమునుండి తిరునెల్వేలికి పోవు రాజమార్గమున సాత్తూరును, కోవిల్‌పట్టిని దాటిన పిమ్మట కయత్తారు వచ్చును. 1799 అక్టోబరు 16వ తేదీన పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను ఈస్టిండియా కంపెనీవారు అచ్చటనే చింతచెట్టునకు ఉరితీసిరి. కోవిల్‌పట్టికి తూర్పున, గంటలోపల చేరదగిన దూరమున, ఎట్టయపురము కలదు. ఆ సంస్థానపు ప్రభువుల బిరుదునామమే ఎట్టప్ప. ఒకరి పేరు తమిళనాట వీరమునకు మారుపేరు. మరియొకరి పేరు ద్రోహమునకు మారుపేరు. రాజకీయ వేదికలమీద ప్రతిపక్షిని 'ఎట్టప్పన్' అని తిట్టుట ఈనాటికిని వాడుకలో నున్నది.

మన యిండ్లలోని పిల్లలలో పెక్కుమంది యెఱుగని విషయమొకటి కలదు. ఈ రెండు వంశములును తెలుగు మాటలాడు కంబళత్తు నాయకుల వంశములే. కట్టబొమ్మన వంశమున మూలపురుషుని తెలుగులో 'గెట్టిబొమ్ము' అని పిలిచిరనియు, అదియే తమిళుల నోట 'కట్టబొమ్మన్' అయినదనియు చెప్పుదురు. వారి యిలువేల్పు జక్కమ్మ. ఇక ఎట్టప్ప యనగా ఎనిమిదిమందికి తండ్రి. ఆ వంశపు పూర్వుడొకడు విజయనగరమున సోముడను మల్లుని గెలిచి చంపి, దిక్కులేనివారైన అతని ఎనమండుగురు తమ్ములను తన బిడ్డలుగా స్వీకరించెననియు, అందువలన ఆ బిరుదు వచ్చెననియు వారి వంశగాథ. చంపిన చేతితోనే సాకిన కథనుండి పుట్టిన పేరు నేడు తిట్టుగా మారినది.

జరిగిన చరిత్రను సంక్షేపముగా స్మరింతము. 1792లో ఆర్కాటు నవాబుతో జరిగిన ఒడంబడిక ననుసరించి పాళెగాండ్రవద్ద కప్పము వసూలుచేయు హక్కు కంపెనీకి సంక్రమించెను. 1798 నాటికి కట్టబొమ్మన చెల్లింపవలసిన బాకీ 3,310 వరహాలని కంపెనీవారి లెక్క. కలెక్టరు జాక్సన్ అతనిని రామనాథపురమునకు రమ్మని ఆజ్ఞాపించి, నడుమ కుర్తాళములోను, శ్రీవిల్లిపుత్తూరులోను దర్శనమునకు వచ్చినను నిరాకరించి, వెంట త్రిప్పుకొనెను. తుదకు సెప్టెంబరులో రామనాథపురమున భేటి జరిగినప్పుడు కలహము పుట్టి లెఫ్టినెంటు క్లార్కు హతుడయ్యెను. మంత్రి శివసుబ్రహ్మణ్య పిళ్ళ బందీగా చిక్కెను. కంపెనీవారే విచారణ జరిపించి, జాక్సన్‌ను పదవినుండి తొలగించి, పిళ్ళను విడిచిపెట్టిరి. ఇంతవరకు న్యాయము కట్టబొమ్మన పక్షమున నున్నదని ప్రతికక్షులే ఒప్పుకొన్నట్లు.

వైరము మాత్రము చల్లారలేదు. 1799 సెప్టెంబరు 5వ తేదీన మేజరు బానర్మన్ పాంచాలంకురిచ్చి కోటను ముట్టడించెను. కట్టబొమ్మన కోట విడిచి వెడలెను. ఎట్టయపురము సేనలు కంపెనీకి తోడుగా వెన్నాడినవి. కోళార్‌పట్టి పోరులో మంత్రి పట్టువడెను. అతనిని నాగలాపురమున ఉరితీసిరి. కట్టబొమ్మన మాత్రము తప్పించుకొని పుదుక్కోట అడవులకు చేరెను. అచ్చట అతనిని పట్టించి కంపెనీవారికి అప్పగించినది పుదుక్కోట తొండమానుగాని, ఎట్టప్ప కాడు.

ఈ కథను జానపదగాయకులు పాడిరి, వీథినాటకములవారు ఆడిరి. మ.పొ.సి. అని ప్రసిద్ధులైన మ.పొ. శివజ్ఞానముగారు కట్టబొమ్మన చరిత్రను గ్రంథముగా వ్రాసిరి. శివాజీ గణేశన్‌గారు నాటకముగా ప్రదర్శించి, పిమ్మట 1959లో బి.ఆర్. పంతులుగారి దర్శకత్వమున చిత్రముగా నటించిరి. 'వీరపాండ్య కట్టబ్రహ్మన' యను పేర అది తెలుగువారికిని చేరినది. 1960లో కైరోనగరమున జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవములో శివాజీగారు ఉత్తమ నటుడుగా బహుమానము పొందిరి. అందు ఎట్టప్పగా వి.కె. రామస్వామిగారు నటించిరి. ఆయన నటన యెంత సమర్థమైనదో, ఆ వంశమునకు అంతగా మచ్చ నిలిచిపోయినది. పండుగదినములలో ఆ చిత్రము టెలివిజనులో వచ్చినప్పుడెల్ల కొత్త తరమువారు పాత తీర్పునే మరల విందురు.

ప్రేక్షకులలో మూడు పక్షములవారు కలరు. కట్టబొమ్మన యందు దోషలేశమును లేదనువారు మొదటివారు. అతడు పొరుగు గ్రామములను కొల్లగొట్టిన దోపిడికాడనువారు రెండవవారు. తమిళవాణన్ అను రచయిత ఆ యర్థము వచ్చు పేరుతోనే పుస్తకము వ్రాసిరి. ఎట్టప్ప తన ప్రజలను రక్షించుకొనుటకే కంపెనీ నాశ్రయించెననువారు మూడవవారు. ముగ్గురి మాటలను మేము ఆలకించితిమి.

జీవితమంతయు గుమాస్తా పనిలో గడపిన మాకు ఒక్క సంగతి తెలియును. కాగితమును చదువుటకు ముందు దానిని వ్రాసినవాడెవడో చూడవలెను. కట్టబొమ్మన దోపిడికి సాక్ష్యములుగా చూపబడు కాగితములు పెక్కులు కంపెనీ కచ్చేరీలో పుట్టినవి. పాళెగాండ్రు గ్రామములకు కావలి యుండి అందులకు పన్ను పుచ్చుకొనుట పూర్వాచారము. తన పాళెములో అది హక్కు. ఎల్లదాటి పొరుగు గ్రామమున బలవంతముగా రాబట్టినచో అదియే దోపిడి. ఎల్లతగవు లున్నచోట ఏది హక్కో, ఏది దోపిడియో చెప్పుట కష్టము. అట్లని ధాన్యము పోగొట్టుకొన్న రైతు మొరను లేనిదానినిగా చేయరాదు. ఆ రైతును మన సోదరుడే. కట్టబొమ్మన మనవాడని చెప్పుకొను అభిమానము ఆ మొర వినకుండ మన చెవులు మూయరాదు.

అతని ధైర్యమునకు మాత్రము శత్రువే సాక్షి. బానర్మన్ పైవారికి వ్రాసిన లేఖను కాల్డ్వెల్ బిషప్‌గారు 1881లో ప్రకటించిన తిరునెల్వేలి చరిత్రలో చేర్చిరి. విచారణ సమయమున కట్టబొమ్మన బెదరక నిలిచెననియు, అచ్చట కొలువుదీరిన ఎట్టయపురము, శివగిరి పాళెగాండ్రను తిరస్కారముతో చూచెననియు, ఉరికంబమునకు దృఢమైన నడకతో పోయెననియు, మూగవాడైన తమ్ముని గూర్చి మాత్రమే చింతించెననియు, కోటను విడిచి వచ్చుటకంటె అందే పోరాడి చచ్చుట మేలైయుండెనని పశ్చాత్తాపపడెననియు అందు కలదు. తన తప్పును తాను చెప్పుకొని చనిపోయిన వీరుడతడు. సినిమాలోని దోషరహితుని కంటె ఈతడే మాకు పెద్దవాడుగా తోచుచున్నాడు.

ఇక ఎట్టప్ప. అతడు కంపెనీకి సాయపడుట సత్యము. ఓడిన పాంచాలంకురిచ్చి సీమలో అతనికి భాగము దక్కుటయు సత్యము. ఆ నింద తప్పదు. కాని ఆనాడు కంపెనీ పక్షమున నిలిచినవాడు అతడొక్కడేనా? కయత్తారు సభలో కూర్చుండి నోరు మెదపని పాళెగాండ్ర మాట యేమి? పట్టి యిచ్చిన తొండమాను మాట యేమి? పదునేనుమంది చేసిన తప్పును ఒక్కని తలమీద మోపి తక్కినవారిని ఇంటికి పంపుట ఏ న్యాయస్థానపు ధర్మము? కథకు ఒక్క దుష్టుడు చాలును; చరిత్రకు చాలడు. అంతకుముందు 1755 ప్రాంతమున నెల్కట్టుంసేవల్ పాళెగాడు పూలిత్తేవరు తిరుగబడినప్పుడు, ఎట్టయపురమువలెనే పాంచాలంకురిచ్చియు ఆయనతో చేరలేదు. నాడు ఒక్కగట్టున నున్న యిరుగుపొరుగువారే అర్ధశతాబ్దము గడచునప్పటికి చెరియొకగట్టున నిలిచిరి.

ఆంధ్రదేశమున దీనికి సాటియైన కథ బొబ్బిలి యుద్ధము. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొని విజయనగర ప్రభువు విజయరామరాజు బొబ్బిలికోటపై బడెను. కోటలోని స్త్రీలు, పిల్లలు అగ్నికిని, కత్తికిని ఆహుతియైరి. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారములో పొడిచి చంపెను. బుర్రకథలవారు పాడగా, 1964లో సినిమా రాగా, తెలుగువారు బొబ్బిలికై కన్నీరు విడిచిరి. విజయరామరాజు చేసినది ఎట్టప్ప చేసినదానికంటె తక్కువది కాదు. అయినను తెలుగుదేశమున ఎవ్వరును ద్రోహిని 'విజయరామరాజు' అని తిట్టుట లేదు. విజయనగరమనగానే గురజాడ అప్పారావుగారును, ఆదిభట్ల నారాయణదాసుగారును, 1919లో వెలసిన సంగీత కళాశాలయు తలపునకు వచ్చును. తప్పును తప్పుగా నుంచి, ఒప్పును ఒప్పుగా నుంచుట మనవారికి చేతనగును.

ఆ మర్యాద ఎట్టయపురమునకు ఏల దక్కరాదు? ముత్తుస్వామి దీక్షితులవారిని తుదిదినములలో ఆదరించినది ఆ సంస్థానమే. 1835లో ఆయన దేహము చాలించినది అచ్చటనే. ఆ వంశమువారైన సుబ్బరామ దీక్షితులుగారు ఆ ఆస్థానమున నుండియే 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని ప్రకటించిరి. కర్ణాటక సంగీతమునకు తలమానికమైన ఆ గ్రంథము తెలుగులిపిలో, తమిళదేశపు నడిబొడ్డున అచ్చుపడినదని మనలో ఎందరెఱుగుదురు? 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టినది ఆ యూరనే. 'భారతి' యను బిరుదు లభించినదియు అచ్చటి సభలోనే. దేశభక్తికి గొంతు నిచ్చిన కవి ద్రోహమునకు పేరుపడిన ఊరనే పుట్టినాడు.

1974లో పాంచాలంకురిచ్చిలో తమిళనాడు ప్రభుత్వమువారు స్మారకముగా కోట నిర్మించిరి. ఆ గౌరవము తగినదే. మన కుటుంబములవారు పిల్లలను అచ్చటికి, కయత్తారునకు తీసికొనిపోవుచున్నారు. తిరిగివచ్చుదారిలో ఎట్టయపురమున గూడ ఆగి, దీక్షితులవారి సమాధిని, భారతి జన్మగృహమును చూపవలెనని మా విన్నపము. ఈ రెండు సంస్థానములవారును మన మాటయే మాటలాడిరని అచ్చట నిలిచి తెలుగులో చెప్పవలెను. ఇంటిలో అన్నదమ్ములు పోట్లాడుకొనునప్పుడు ఒకరినొకరు 'ఎట్టప్పా' యని తిట్టుకొనుట పెద్దలు మాన్పింపవలెను. టెలివిజను ముందు పిల్లలు వాదులాడుకొన్నచో ఆడుకొననిండు. కాని తీర్పు చెప్పుటకు ముందు, ఆ తప్పులో పాలుగొని పేరు బయటపడక తప్పించుకొన్నవారెవరని ఒక్కసారి అడుగుట నేర్పుడు.