జీవికి జీవము ఆహారమా?

మాంసము ముట్టని గృహస్థులు ఇంట కుక్కను పెంచునపుడు, దానికి మాంసము పెట్టవచ్చునా యని సందేహము కలుగును. ఈ ధర్మసందేహము క్రొత్తది కాదు.

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుని మొదటి శిలాశాసనము కలదు. పూర్వము తన వంటశాలలో దినమునకు లక్షలకొలది ప్రాణులు కూరకై చంపబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, ఇకముందు అవియును చంపబడవనియు చక్రవర్తి దాపరికము లేక చెప్పుకొనెను. పట్టాభిషిక్తుడైన 26 ఏండ్లకు వ్రాయించిన ఐదవ స్తంభశాసనమున, ఒక ప్రాణిని మేపుటకు వేఱొక ప్రాణిని వినియోగింపరాదని ఆదేశించెను.

ఆజ్ఞ గొప్పదే, ప్రకృతి దానికెంతవఱకు లోబడును? కుక్క వేల యేండ్లు మనుష్యుని చెంత మసలి, పిండిపదార్థములను జీర్ణించుకొను శక్తిని పెంపొందించుకొన్నదని 2013లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. కావున మాంసకృత్తులు, విటమినులు సరిగా కూర్చి, పశువైద్యుని సలహాతో దానికి శాకాహారము పెట్టవచ్చును. ఒట్టి పెరుగన్నము చాలదు. పిల్లి మాట వేఱు. మాంసమునందుండు టారిన్ ఆహారమున లోపించినచో దాని చూపు, గుండె చెడును.

అశోకుడంతవాడును ఒక్కనాట అన్నియు మానలేదు. వ్రతము పట్టినవారము మనము. దాని కష్టము నోరులేని జీవముపై పడకుండ చూచుటయు మన ధర్మమే.