సమత తీర్పు వదిలిన సందు

1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు మూలం అరకు దారిలోని అనంతగిరి మండలం. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో కాల్సైట్ వంటి ఖనిజాలు తవ్వుకోమని ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చింది. గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరులకు చేరకుండా ఆపే 1/70 చట్టానికి ప్రభుత్వం కూడా లోబడాల్సిందేనని తేల్చి కోర్టు వాటిని కొట్టేసింది. మన్యంలో బాక్సైట్ కొండలు ఇంకా నిలిచి ఉన్నాయంటే అందులో ఈ తీర్పు బలం చాలా ఉంది. అయితే ప్రభుత్వ సంస్థలు తవ్వుకోవడానికి మాత్రం అదే తీర్పు దారి వదిలింది. మన దేశంలో యురేనియం తవ్వుతూ వచ్చింది ప్రభుత్వ సంస్థే. తూర్పు కనుమల గిరిజనులకు దొరికిన ఒకే ఒక్క గట్టి కంచెకు సరిగ్గా అక్కడే సందుంది.

సందులోంచి వచ్చేది ఏమిటో కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చూపిస్తుంది. 2012లో ఉత్పత్తి మొదలైన ఈ గని శుద్ధి కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. అందులో యురేనియం నూటికి 0.04 పాళ్ల దరిదాపు. టన్ను రాయిని పిండి చేసి, సోడా ద్రావణంలో వేడి చేస్తే చేతికొచ్చేది అర కిలో లోపే. మిగతాదంతా బురదగా గొట్టాల గుండా కె.కె. కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు, పోతుంది. అది వట్టి మట్టి కాదు. యురేనియం వెళ్లిపోయినా థోరియం-230, రేడియం అందులోనే ఉంటాయి. రాతిలోని రేడియోధార్మికతలో 85 శాతం దాకా ఆ బురదతోనే మిగులుతుంది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు, థోరియం-230కి దాదాపు 75,000 ఏళ్లు పడుతుంది. బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, గని నడిపే సంస్థ కాదంటోంది. ఆ తగువు ఎటు తేలినా లీజుకూ వ్యర్థానికీ కాలం పొత్తు కుదరదన్నది మాత్రం మారదు.

నల్లమలలో అమ్రాబాద్ వైపు 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ అడవిలోని చెంచు గిరిజనులు, వారితోపాటు ఎందరో తిరగబడ్డారు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. అన్వేషణే కదా, తవ్వకం కాదు కదా అన్నవాళ్లున్నారు. పులుల అడవిలో 4,000 బోర్లు వేయాలన్న ప్రతిపాదనను చిన్నదనుకోలేం. పైగా, ఖనిజం దొరికాక వద్దనే హక్కు ఎవరి చేతిలో ఉంటుంది?

బొగ్గు పొగ తగ్గాలంటే అణు విద్యుత్తు కావాలి, యురేనియం కోసం ఎల్లకాలం కజకిస్తాన్, రష్యాల మీద ఆధారపడలేం అన్నది బరువైన వాదనే. దాన్ని తోసిపుచ్చను. కానీ ఆ కరెంటు ధరలో బురద కాపలా ఖర్చు కూడా కలవాలి. తూర్పు జర్మనీ విస్ముట్ యురేనియం గనులు వదిలిన కుప్పలను 1990 తర్వాత చక్కదిద్దడానికి జర్మన్ ప్రభుత్వం 600 కోట్ల యూరోలకు పైగా పోసింది. మన గనుల్లో ఆ సొమ్ము ముందే జమ కావాలి, ఆ లెక్క గ్రామసభ ముందు పెట్టాకే అనుమతి అడగాలి. లాభాల్లో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి కేటాయించాలని సమత తీర్పు చెప్పింది. గని మూతపడిన రోజున ఆ లాభం ఆగిపోతుంది; టెయిలింగ్ పాండ్‌ను కాయాల్సిన పని ఆ రోజునుంచే ఊరి మీద పడుతుంది.